ఐదుగురి అల్టిమేట్ ఫ్రిస్బీ టోర్నమెంట్: దిగే ముందు తెలుసుకోవాల్సిన నిబంధనలు

అల్టిమేట్ ఫ్రిస్బీ అంటే గుండ్రటి ప్లాస్టిక్ డిస్క్‌ను ఒకరికొకరు విసురుకుంటూ, అవతలి చివరనున్న ఎండ్ జోన్‌లో పట్టుకుని గోల్ చేసే ఆట. ఇందులో విజిల్ ఊదేవాడు ఉండడు. ఫౌల్ అయిందా లేదా, డిస్క్ గీత దాటిందా లేదా, గోల్ వచ్చిందా లేదా అన్నది తేల్చాల్సింది ఆడుతున్నవాళ్లే. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అయినా అంతే, అమలాపురంలో కాలేజీ గ్రౌండ్‌లో అయినా అంతే. అందుకని ఈ ఆటలో నిబంధనలు తెలియనివాడు ఎంత బాగా విసిరినా జట్టుకు ఇబ్బందే తెస్తాడు. చేతిలో డిస్క్ ఉన్నప్పుడు ఏం చేయాలో నెల రోజుల్లో వచ్చేస్తుంది. ఆట ఆగినప్పుడు ఏం మాట్లాడాలో, మాట్లాడాక ఎలా మొదలుపెట్టాలో ఎవరూ నేర్పరు. టోర్నమెంట్లు చెడేది మాత్రం అక్కడే.

కోనసీమలోనో, భీమవరం వైపో, కాకినాడలోనో ఒకరోజు టోర్నమెంట్‌కి పేరిచ్చినవాళ్ల కోసం, అలాంటిది పెట్టాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆధారం ప్రపంచ ఫ్లయింగ్ డిస్క్ సమాఖ్య నిబంధనలు. గడ్డి మైదానంలో ఆడే పెద్ద ఆటలో జట్టుకు ఏడుగురు, బీచ్‌లో ఐదుగురు. పద్నాలుగు మందిని ఒకేసారి మైదానంలో నిలపడం మన ఊళ్లలో ఇంకా కష్టం కాబట్టి ఐదుగురి ఆటే మనకు నప్పుతుంది.

జట్టు కట్టడం

మైదానంలో ఐదుగురే అయినా పేర్లు తొమ్మిదో పదో ఇవ్వండి. మే నెల ఉక్కలో ఒకే పూట మూడు మ్యాచ్‌లు ఆరుగురితో లాగితే మూడోదానికి ఎవరూ పరిగెత్తలేరు. మనుషుల్ని ఎప్పుడు పడితే అప్పుడు మార్చడం కుదరదు. ఒక పాయింట్ అయిపోయి, మళ్లీ పుల్ (పాయింట్‌ను మొదలుపెట్టే విసురు) పడేలోపు ఎంతమందినైనా మార్చుకోవచ్చు. పాయింట్ మధ్యలో అయితే దెబ్బ తగిలినప్పుడే. అప్పుడు అవతలి జట్టు కూడా కావాలంటే ఒకరిని మార్చుకోవచ్చు.

అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి ఆడే టోర్నమెంట్ అయితే నిష్పత్తి మూడుకి రెండు. ఎవరు ముగ్గురు, ఎవరు ఇద్దరు అన్నది పాయింట్‌ను బట్టి మారుతుంది. మొదటి పాయింట్‌కు ఏ నిష్పత్తో విడిగా టాస్ వేసి తేల్చుకుంటారు. రెండు, మూడు పాయింట్లకు అది తిరగబడుతుంది. నాలుగు, ఐదు పాయింట్లకు మళ్లీ మొదటిదే. ఇలా రెండేసి పాయింట్లకు ఒకసారి మారుతూ పోతుంది. రెండు జట్లూ ఎప్పుడూ ఒకే నిష్పత్తితో ఉంటాయి కాబట్టి ఎవరికీ లాభనష్టాలు లేవు. స్కోరు రాసేవాళ్లు పాయింట్ పక్కనే ఆ నిష్పత్తి కూడా రాస్తే ప్రతిసారీ వెనక్కి లెక్కపెట్టుకునే అవసరం ఉండదు.

నిర్వాహకులకు ఇక్కడ ఒక మాట. కూతుర్ని ఆటకు పంపే ముందు ఇంట్లోవాళ్లు అడిగేవి మూడే: ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఇంటికొస్తారు, బట్టలు మార్చుకోవడానికి గది ఉందా. ఈ మూడింటికీ జవాబు మీ ప్రకటనలోనే ఉండాలి. అది లేకుండా జట్టుకు ఇద్దరమ్మాయిలు తప్పనిసరి అని రాసి ఊరుకుంటే, ఉదయం ఆరింటికి సగం జట్లు ఒక్క అమ్మాయితో వస్తాయి. తప్పు ఆ జట్లది కాదు.

నేల చూసుకోవడం

బీచ్ ఆటకు సమాఖ్య చెప్పే కొలత 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. రెండు చివరలా 15 మీటర్ల చొప్పున ఎండ్ జోన్లు పోతే మధ్యలో మిగిలేది 45 మీటర్లు. ఐదుగురి ఆటకు నేల మైదానంలో కూడా ఇదే కొలత బాగుంటుంది. స్థలం చాలకపోతే పొడవు తగ్గించండి గాని వెడల్పు 25 కన్నా తగ్గించకండి. ఇరుకైన మైదానంలో డిస్క్ పక్కకి కదలదు, అందరూ ఒకే దారిలో గుద్దుకుంటారు, ఫౌళ్లు పెరుగుతాయి.

డెల్టాలో నేల ఎంచుకోవడమే సగం పని. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక చేలు ఖాళీగా కనిపిస్తాయి, ఆడుకోవాలనిపిస్తుంది. కానీ ఈ బంకమట్టి ఎండితే నెర్రెలు విచ్చుకుంటుంది. పరుగు మీద ఉన్నవాడి మడమ అందులో దిగితే చీలమండ మెలిక పడుతుంది. కోత మిషన్ వదిలేసిన మోళ్లు అరికాలిని కోస్తాయి. గిత్తలు తొక్కిన గుంతలు ఆరిపోయి రాయిలా ఉంటాయి. చేలోనే ఆడాలంటే ఒకసారి దమ్ము పట్టించినట్టు చదును చేసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పాలి. ఒక్కరోజు ఆటకు అంత ఖర్చు పెట్టేకంటే స్కూలు గ్రౌండో, కాలేజీ గ్రౌండో అడగడం మేలు. సంక్రాంతికి పెడదామని చాలామంది అంటారు గాని ఆ రోజుల్లో దాళ్వా ఊడ్పులు సాగుతూ ఉంటాయి, చేలన్నీ నీళ్లలో ఉంటాయి.

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి తీరాల్లో ఇసుక మీద ఆడటం వేరే ఆనందం. పడ్డా దెబ్బ తగలదు కాబట్టి భయం లేకుండా దూకొచ్చు. అయితే పోటు వేళలు ముందే కనుక్కోండి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు మామూలు కంటే ముందుకొస్తాయి. నిరుడు చూసిన వేళలు ఈసారి పనికిరావు. ఆ ఊరి చేపల వేటగాళ్లను అడిగితే ఎన్నింటికి ఎంతవరకు వస్తుందో గీత గీసినట్టు చెబుతారు. నీళ్లు లాగేసినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా ఉండి పరిగెత్తడానికి హాయిగా ఉంటుంది. పైనున్న పొడి ఇసుకలో పది నిమిషాలకే పిక్కలు పట్టేస్తాయి. ఆటకు ముందు అందరూ ఒక వరుసలో చేతులు చాచినంత దూరంలో నిలబడి మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి నడవండి. విరిగిన ఆల్చిప్పలు, సీసా ముక్కలు, వల తెగిన ముక్కలు, గాలాలు ఏరేయండి. వట్టి కాళ్లతో ఆడతారు కాబట్టి ఇది తప్పనిసరి పని.

గీతలకు నేల మీద ముగ్గు చాలు. సున్నం వాడకండి, దూకినప్పుడు కళ్లలో పడుతుంది. ఇసుక మీద ముగ్గు నిలవదు. వెడల్పాటి గుడ్డ పట్టీలు పరిచి, చివర్లు ఇసుకలో లోతుగా పాతండి. కొబ్బరితాడు కడితే కాలికి చుట్టుకుంటుంది. ఎండ్ జోన్ మూలలకు మెత్తటి కోన్లు పెట్టండి. కర్రలు, ఇటుకలు, సగం పాతిన పైపులు ఏవీ వద్దు.

డిస్క్, గాలి, టాస్

పోటీల్లో వాడే డిస్క్ 175 గ్రాములు ఉంటుంది. తిరనాళ్లలో అమ్మే పల్చటి ప్లాస్టిక్ పళ్లెంతో సాధన చేసి వస్తే అసలు డిస్క్ చేతికి కొత్తగా ఉంటుంది. జట్టుకు కనీసం రెండు కొనుక్కోండి.

గాలి గురించి మన జట్లు మరింత శ్రద్ధ పెట్టాలి. తీరం దగ్గర తెల్లవారుజామున గాలి దాదాపు ఉండదు. ఎండ ఎక్కేకొద్దీ సముద్రం మీదనుంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నం దాటాక బలంగా ఉంటుంది. బీచ్‌లో స్థలం తీరం వెంబడే దొరుకుతుంది కాబట్టి మైదానం పొడవు కూడా అటే ఉంటుంది. అంటే సముద్రపు గాలి అడ్డంగా కొడుతుంది. విసిరిన డిస్క్ సరుగుడు తోటల వైపు కొట్టుకుపోతుంది. అందుకే మనిషికి గురిచూడకుండా, అతనికి రెండు మీటర్లు సముద్రం వైపు గురిపెట్టి విసరండి. తోటల వైపు పక్క గీతకు దగ్గరగా డిస్క్ తీసుకెళ్తే అక్కడినుంచి బయటపడటం కష్టం. లోపలి ఊళ్లలో గ్రౌండ్లు గాలికి ఎదురుగా ఉంటే సంగతి వేరు. ఒక వైపు ఎదురుగాలి, ఇంకో వైపు వాలుగాలి. అలాంటి రోజున టాస్ గెలిస్తే చాలామంది డిస్క్ కోరుకుంటారు. నేనైతే వైపు కోరుకోమంటాను. మొదటి పాయింట్ వాలుగాలిలో ఆడితే జట్టుకు ధైర్యం వస్తుంది, కొత్త జట్టుకు ఆ ధైర్యమే ముఖ్యం.

టాస్‌కు నాణెం అక్కర్లేదు. ఇద్దరు కెప్టెన్లూ తలొక డిస్క్ గాల్లోకి ఎగరేస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు రెండూ ఒకేలా పడతాయనో, వేరువేరుగా పడతాయనో చెబుతారు. గెలిచినవాళ్లు పుల్ విసరాలా అందుకోవాలా అన్నదో, వైపో కోరుకుంటారు. మిగిలింది అవతలివాళ్లది. సగం ఆటయ్యాక ఇవి తిరగబడతాయి.

పుల్‌తో మొదలు

ప్రతి పాయింటూ పుల్‌తో మొదలవుతుంది. డిఫెన్స్ జట్టు, అంటే గోల్ కాకుండా ఆపాల్సిన జట్టు, తన ఎండ్ జోన్‌లో నిలబడి అవతలి చివరకు డిస్క్ విసురుతుంది. ముందుగా ఆఫెన్స్‌లో, అంటే డిస్క్ అందుకుని గోల్ చేయాల్సిన జట్టులో, ఒకరు చెయ్యెత్తాలి, తర్వాత పుల్ వేసేవాడు చెయ్యెత్తాలి. చెయ్యెత్తకుండా విసిరిన పుల్ చెల్లదు. డిస్క్ చేతినుంచి వదిలేదాకా ఆఫెన్స్ వాళ్లు గోల్ గీత మీద కాలు పెట్టి కదలకుండా ఉండాలి, డిఫెన్స్ వాళ్లు తమ గీత దాటకూడదు.

పుల్‌ను గాల్లో పట్టాలన్న ఆత్రం కొత్తవాళ్లకు ఎక్కువ. పట్టబోయి తగిలి కింద పడితే డిస్క్ అవతలివాళ్లకు పోతుంది. అదీ మీ గోల్ గీత ముందే. తగలకుండా నేల మీద పడనిచ్చి, ఆగాక తీసుకుంటే ఏ నష్టమూ లేదు. పుల్ ఎవరికీ తగలకుండా బయట పడితే రెండు దారులున్నాయి: పక్క గీత దాటిన చోటినుంచి ఆడొచ్చు, లేదా చెయ్యెత్తి చూపించి, మీ ఎండ్ జోన్ ముందు రెండు పక్క గీతలకూ నడుమ ముందే గుర్తు పెట్టిన చోటికి తెచ్చుకోవచ్చు. దాన్ని బ్రిక్ అంటారు. గాలి అడ్డంగా ఉన్న రోజున బ్రిక్కే తీసుకోండి.

డిస్క్ చేతిలో ఉన్నప్పుడు

డిస్క్‌తో పరిగెత్తకూడదు. పరుగు మీద పట్టుకుంటే దిశ మార్చకుండా, వీలైనంత త్వరగా ఆగాలి. ఆగాక ఒక కాలు నేల మీద పాతుకోవాలి, రెండో కాలు ఎటైనా తిప్పుకోవచ్చు. ఆ పాతిన కాలే పివట్. విసిరేలోపు అది లేస్తే ట్రావెల్. అవతలి జట్టులో ఎవరైనా ట్రావెల్ అని పిలవొచ్చు. ఒప్పుకుంటే ఆట ఆపక్కర్లేదు. కాలు సరైన చోట పెట్టుకున్నాక, ఎదుట నిలబడ్డ మార్కర్ లెక్క (దాని సంగతి కింద చెబుతాను) ఆగిన చోటినుంచే సాగాలి. ఇసుకలో కాలు జారుతుంది కాబట్టి బీచ్‌లో వేలెడంత కదలికకు ట్రావెల్ పిలవకండి. నిబంధన ఉన్నది లాభం తీసుకోకుండా ఆపడానికి.

గోల్ రావాలంటే ఎండ్ జోన్‌లో పట్టుకోవాలి. గోల్ గీత మధ్య మైదానంలో భాగం కాబట్టి కాలి వేలు గీత మీదుంటే గోల్ కాదు. పక్క గీతలూ చివరి గీతలూ బయటికిందే లెక్క. వాటిమీద కాలు పడితే అవుట్. గాల్లో ఎగిరి పట్టినప్పుడు ముందు నేల తగిలింది ఎక్కడో అదే చూడాలి. ఇద్దరు ఒకేసారి పట్టుకుంటే డిస్క్ ఆఫెన్స్‌దే.

మార్కర్ లెక్క

ఈ ఆటలో ఎక్కువ తగాదాలు పుట్టేది ఇక్కడ, కాబట్టి నెమ్మదిగా చదవండి.

డిస్క్ పట్టుకున్నవాడికి మూడు మీటర్ల లోపు నిలబడ్డ డిఫెండరే మార్కర్. అతను ‘స్టాలింగ్’ అని, ఆ తర్వాత ఒకటినుంచి పైకి లెక్కపెడతాడు. అంకెకూ అంకెకూ మధ్య కనీసం సెకను ఉండాలి. పది అన్న మాట మొదలయ్యేసరికి డిస్క్ చెయ్యి దాటకపోతే స్టాల్ అవుట్, డిస్క్ అవతలివాళ్లకు. చిన్న మైదానాల్లో చాలాచోట్ల పదికి బదులు ఎనిమిదికి కుదిస్తారు. మీ టోర్నమెంట్‌లో ఎంతో ముందే కనుక్కోండి. లెక్క తెలుగులో పెట్టొచ్చా అన్నది కూడా కెప్టెన్ల మీటింగ్‌లోనే తేల్చుకోండి. పెట్టొచ్చనే నా మాట. విసిరేవాడికి అర్థమవడం ముఖ్యం.

లెక్క కబడ్డీ కూతలా ఉండాలి. ఆపకుండా, అందరికీ వినబడేలా. నోట్లో గొణుక్కుని చివర్లో ‘తొమ్మిది, పది’ అని గట్టిగా అరిస్తే అది లెక్క కాదు. అలాంటప్పుడు విసిరేవాడు స్టాల్ అవుట్‌ను ఒప్పుకోనక్కర్లేదు.

మార్కర్ హద్దు మీరితే విసిరేవాడు ఆ తప్పు పేరుపెట్టి పిలుస్తాడు. సెకనులో రెండు అంకెలు పెడితే ఫాస్ట్ కౌంట్. మార్కర్ ఒంటికీ విసిరేవాడి ఒంటికీ మధ్య డిస్క్ వెడల్పంత ఖాళీ లేకపోతే డిస్క్ స్పేస్. చేతులతో చుట్టుముట్టినట్టు నిలబడితే రాపింగ్. చూపు కనబడకుండా కళ్లకు అడ్డం పెడితే విజన్. ఇంకో డిఫెండర్ తన మనిషిని వదిలేసి మూడు మీటర్లలోకి వస్తే డబుల్ టీమ్. వీటిలో ఏది పిలిచినా ఆట ఆగదు. మార్కర్ తప్పు సరిచేసుకుని, చివరిసారి పూర్తిగా పలికిన అంకెలో ఒకటి తగ్గించి సాగించాలి. ఐదు అన్నాక పిలిస్తే మళ్లీ నాలుగు. మార్కర్ ఒప్పుకోకపోతేనో, పదేపదే అదే చేస్తుంటేనో అప్పుడు ఆట ఆపి మాట్లాడుకోవాలి.

సాధనలో జట్టంతా వంతులవారీగా నిలబడి ఈ పిలుపులు పైకి అనండి. పుస్తకంలో చదివినా నోరు తిరక్కపోతే మ్యాచ్‌లో ఆ క్షణానికి మాట రాదు. రాని మాట కోపంగా మారుతుంది.

డిస్క్ చేతులు మారడం

పడేసినా, బయట పడినా, అవతలివాళ్లు కొట్టేసినా పట్టేసినా, స్టాల్ అవుట్ అయినా డిస్క్ అవతలి జట్టుదే. స్టాల్ అవుట్‌కు మాత్రం ఆట ఆగి, చెక్‌తో (డిఫెండర్ డిస్క్‌ను తాకడంతో) మళ్లీ మొదలవుతుంది. మిగతావాటికి ఆట ఆగదు, చెక్ చేయక్కర్లేదు, వెంటనే తీసి ఆడొచ్చు. కిందపడ్డప్పుడు నేల తగిలి చేతిలోంచి జారితే పట్టినట్టు కాదు. బయట పడిన డిస్క్‌ను అది చివరిసారి మైదానం మీదనుంచి దాటిన చోటికి తెచ్చి ఆడాలి. మీరు కాపాడుకుంటున్న ఎండ్ జోన్‌లో డిస్క్ దొరికితే అక్కడే ఆడొచ్చు, లేదా చెయ్యెత్తి ఎదుటనున్న గోల్ గీత మీదికి నడిచి ఆడొచ్చు. అవతలివాళ్ల ఎండ్ జోన్‌లో దొరికితే మాత్రం తప్పనిసరిగా గీత మీదికి రావాలి.

డిస్క్ కాలువలోనో తుప్పల్లోనో పడితే తీసుకురావాల్సిన పని ఆఫెన్స్ జట్టుది. గట్టుమీద ఒక డిస్క్ అదనంగా పెడితే ఈ సమయం మిగులుతుంది.

ఫౌల్ పిలిచాక

ఆట మనుషులు తగలకుండా ఆడేది. అయినా తగులుతారు. ఎవరికి తగిలిందో వాళ్లే ‘ఫౌల్’ అని గట్టిగా అనాలి. పక్కనున్న స్నేహితుడికీ, కెప్టెన్‌కూ, గట్టుమీద చూసేవాళ్లకూ ఆ హక్కు లేదు. మన ఊళ్లలో ఆట చూడ్డానికి చేరిన జనం ‘అవుట్! ఫౌల్!’ అని అరవడం సహజం. మ్యాచ్ మొదలయ్యే ముందే మైకులో ఒకసారి చెప్పండి: చప్పట్లు ఎంతైనా కొట్టండి, తీర్పు మాత్రం ఆడేవాళ్లకు వదిలేయండి. నిబంధన ఏమిటో తెలియనప్పుడు ఆటగాళ్లు బయటివాళ్లను అడగొచ్చు, ఎవరికి బాగా కనబడిందో వాళ్లనూ అడగొచ్చు. చివరి మాట ఆటగాళ్లదే.

పిలుపు వినగానే అందరూ ఉన్నచోటే ఆగాలి. ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఇలా:

‘అన్నా, పట్టేలోపే నా మోచెయ్యి నెట్టేశావు.’

‘లేదు తమ్ముడూ, నేను డిస్క్ మీదికే వచ్చాను. నీ చెయ్యే నా మీదికి తిరిగింది.’

‘నాకు నెట్టినట్టే అనిపించిందన్నా.’

‘నాకలా అనిపించలేదు. ఒప్పుకోవట్లేదు.’

అంతే. నాలుగు మాటలు చాలు. ఒప్పుకుని ఉంటే డిస్క్ ఫౌల్ జరిగిన చోట అందుకోబోయిన తమ్ముడిది. ఒప్పుకోలేదు కాబట్టి డిస్క్ వెనక్కి, విసిరినవాడి చేతికి. అతను విసిరిన క్షణంలో ఎవరెక్కడున్నారో అందరూ అక్కడికి వెళ్తారు. డిఫెండర్ డిస్క్‌ను తాకుతాడు, ఆట మళ్లీ మొదలు. ఎవరూ ఓడలేదు. అబద్ధం ఎవరిదో తేల్చే పనే లేదు, ఎందుకంటే నిజంగానే ఇద్దరికీ వేరువేరుగా అనిపించి ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే ఆటలో సగం గొడవలు ఉండవు. నిమిషం దాటి మాట్లాడుకుంటున్నారంటే ఒప్పుకోనట్టే లెక్కేసి డిస్క్ వెనక్కి పంపేయండి.

ఆగిన ఆట మొదలైనప్పుడు లెక్క ఎక్కడినుంచి పెట్టాలో గుర్తుంచుకోండి. డిఫెన్స్ తన తప్పు ఒప్పుకుంటే ఒకటినుంచి. ఆఫెన్స్ తన తప్పు ఒప్పుకుంటే ఆగిన అంకె తర్వాతి దాన్నుంచి, అయితే తొమ్మిది దాటకుండా. స్టాల్ అవుట్‌ను ఒప్పుకోకపోతే ఎనిమిదినుంచి. ఒప్పుకోని ఫౌల్, పిక్ లాంటి మిగతావాటికి ఆరు దాటకుండా. ఇవి పది లెక్కకు. మీరు ఎనిమిదికి కుదిస్తే వీటినీ రెండేసి తగ్గించి కెప్టెన్లందరికీ ముందే కాగితం ఇవ్వండి.

పిక్ అంటే: మీరు మూడు మీటర్ల లోపు ఉండి ఒకరిని కాపలా కాస్తూ పరిగెడుతుంటే, ఇంకెవరో మధ్యలో అడ్డొచ్చి మీ మనిషి తప్పించుకోవడం. కావాలని అడ్డొచ్చారా అన్నది ప్రశ్న కాదు. ‘పిక్’ అనండి, ఆట ఆగుతుంది, మీరు మీ మనిషిని చేరుకోవాల్సినంత ముందుకు జరుగుతారు. ఐదుగురి ఆటలో అందరూ దగ్గరదగ్గరగా ఉంటారు కాబట్టి ఇవి ఎక్కువే వస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం మెత్తగా ఉండకండి. చూసుకోకుండా ఎదురుగా దూసుకురావడం, దూకినవాడి కాళ్ల కిందికి వెళ్లడం, వెనకనుంచి మీదికి ఎగరడం ప్రమాదకరమైన ఆట. డిస్క్ ముందు తాకినా సరే అది ఫౌలే. ‘డిస్క్ నాకే అందింది కదా’ అనే మాట అక్కడ చెల్లదు. అదే మనిషి రెండోసారి అలా ఆడితే అతని కెప్టెనే అతన్ని బయట కూర్చోబెట్టాలి.

సమయం, ఎండ, పిడుగు

బీచ్ ఆటలో ముందు 13 పాయింట్లు చేసినవాళ్లు గెలుస్తారు. చిన్న టోర్నమెంట్‌లో సమయం కూడా పెట్టాలి, ముప్పై నిమిషాలు బాగుంటుంది. హారన్ మోగగానే ఆట ఆపకండి. నడుస్తున్న పాయింట్ పూర్తి చేసి, అప్పుడున్న పెద్ద స్కోరుకు ఒకటి కలపండి. అదే కొత్త లక్ష్యం. హారన్ అయ్యేసరికి 7–5, ఆ పాయింట్ పూర్తయ్యాక 7–6 అయితే ముందు 8 చేసినవాళ్లది మ్యాచ్.

ఎనిమిది జట్లు, రెండు మైదానాలు అనుకోండి. నాలుగేసి జట్ల రెండు గ్రూపులు, గ్రూపుకు ఆరు మ్యాచ్‌లు, మొత్తం పన్నెండు. ఒక్కోదానికి 35 నిమిషాలు వేస్తే ఉదయం 6 గంటలకు మొదలై తొమ్మిదిన్నరకు అయిపోతాయి. అక్కడితో ఆపేయండి. సెమీఫైనళ్లు సాయంత్రం నాలుగున్నరకు, ఆ తర్వాత ఫైనల్. మధ్యాహ్నం కూడా ఆడించి త్వరగా ముగిద్దామన్న ఆలోచన వేసవిలో పెట్టుకోకండి. ఇక్కడి ఎండకు ఉక్క తోడవుతుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ప్రతి మైదానం పక్కనా పందిరి, నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచండి. కొబ్బరి బొండాలు మన దగ్గర దొరకని చోటు లేదు, కూల్‌డ్రింక్ సీసాలకు డబ్బు పెట్టకండి. ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్లు చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలితో పిడుగులు పడతాయి. ఉరుము వినబడితే ఫైనల్ అయినా సరే ఆట ఆపాలి. కొబ్బరిచెట్ల కిందికీ, గట్టుమీది తాటిచెట్ల కిందికీ పరిగెత్తొద్దు. డాబాలోకో బస్సులోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి అప్పుడు మొదలుపెట్టండి. స్కోరు ఆగినచోటినుంచే.

గ్రూపులో రెండు జట్లు సమానంగా నిలిస్తే, వాటిమధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో చూడండి. మూడు జట్లు చిక్కుకుంటే ఆ మూడింటి మధ్య పాయింట్ల తేడా. ఈ వరుస టోర్నమెంట్ మొదలయ్యే ముందే రాసి అంటించాలి.

స్పిరిట్ స్కోరు

1968లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మేపుల్‌వుడ్‌లో కొలంబియా హైస్కూలు విద్యార్థులు ఈ ఆట మొదలుపెట్టారు. రిఫరీ లేకుండా ఆడటం అనే పద్ధతి ఇన్నేళ్లుగా నిలబడిందంటే దానికి వెనక స్పిరిట్ ఆఫ్ ది గేమ్ అనే నియమం ఉంది, అంటే నిజాయితీగా ఆడే బాధ్యత ప్రతి ఆటగాడిదీ అని. మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ ఒకరి పక్కన ఒకరు కలిసేలా గుండ్రంగా నిలబడి, ఏది బాగుందో ఏది బాగోలేదో ఐదు నిమిషాలు మాట్లాడుకుంటాయి. దీన్ని వదిలేసి నీళ్లకు పరిగెత్తకండి. పొద్దున మ్యాచ్‌లో మిగిలిన చిరాకు ఇక్కడ తీరకపోతే సాయంత్రం సెమీఫైనల్‌లో బయటికొస్తుంది.

తర్వాత ప్రతి జట్టూ అవతలి జట్టుకు మార్కులు వేస్తుంది. అంశాలు ఐదు: నిబంధనలు తెలుసుకుని వాడటం, ఫౌళ్లు–ఒంటి తాకిడి, న్యాయబుద్ధి, నడవడిక, మాట తీరు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. మామూలుగా బాగా ఆడిన జట్టుకు రెండు, మొత్తం పది. మనవాళ్లు మొహమాటానికి అందరికీ నాలుగేసి వేస్తారు, లేదా ఓడిన కోపంలో సున్నాలు పెడతారు. రెండూ పనికిరావు. రెండుతో మొదలుపెట్టండి. ఫలానా పని చూశాం అని చెప్పగలిగితేనే పైకి గాని కిందికి గాని జరపండి. తనకు గోల్ ఇచ్చేశాక కూడా ‘నా కాలు గీత మీద పడింది’ అని తనంతట తాను చెప్పిన ఆటగాడుంటే న్యాయబుద్ధికి మూడు వేయండి. ప్రతి పిలుపుకూ గొంతు పెంచిన జట్టయితే మాట తీరుకు ఒకటి. సున్నా, నాలుగు వేస్తే పక్కన కారణం ఒక వాక్యం రాయాలి.

మార్కులు వేసేది కెప్టెన్ ఒక్కడే కాకూడదు. జట్టంతా కూర్చుని వేయాలి, ఇందుకోసం విడిగా ఒక స్పిరిట్ కెప్టెన్‌ను పెట్టుకోండి. మ్యాచ్ మధ్యలో వేడి పెరిగితే అవతలి స్పిరిట్ కెప్టెన్‌తో మాట్లాడి ఆట ఆపించే పని కూడా అతనిదే, లేదా ఆమెదే. కాగితం మీ తర్వాతి మ్యాచ్‌కు పుల్ పడేలోపు స్కోరు బల్ల దగ్గర ఇచ్చేయండి. ఇవ్వని జట్టు స్పిరిట్ బహుమతికి పోటీలో ఉండదని నిర్వాహకులు ముందే ప్రకటిస్తే కాగితాలన్నీ వేళకు వస్తాయి.